హాలిస్ చేతి కోసం కట్టిన ఎరలు

ఆర్కన్సా రాష్ట్రం, లాంగ్లీ కౌంటీ, టుపెలో బెండ్ సరస్సు ఒడ్డున కాపురముంటున్న, కీర్తిశేషులు ఎల్వుడ్ గాడిస్ గారి భార్య ఓర్ఫా గాడిస్ అనే నేను, వయసు డెబ్భై ఆరు, నా తెలివి నా దగ్గరే ఉండగా, ఒకరి బలవంతం లేకుండా, ఒకరి మాట వినకుండా (వినే అలవాటు ఎప్పుడూ లేదు), నా సొంత దస్తూరితో రాసి పెడుతున్న వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవేవైనా బయటపడితే అవి చెల్లవు. లాయరు పెటిగ్రూ గారు టైపు కొట్టించి ఇస్తానన్నారు. ఆయన కొట్టిస్తే నా మాటలన్నీ ఇస్త్రీ బట్టల్లా తయారవుతాయి కనక వద్దన్నాను. దీన్ని అమలు జరిపే బాధ్యత మాత్రం ఆయనదే.

ఒకటి. నేనుంటున్న ఇల్లు, వెనక వరండా, సరస్సులోకి కట్టిన చెక్కల రేవు, పెకాన్ చెట్లు నా ఏకైక కూతురు నెటీకి దఖలు పరుస్తున్నాను. సర్వహక్కులతో అనుభవించవచ్చు, అమ్ముకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. ఒక్క హెచ్చరిక. ఫ్రీజరులో క్యాట్‌ఫిష్ ముక్కల కింద కాగితంలో చుట్టి ఉన్నది మాంసం కాదు, జింక తోళ్ళు. పురుగు పట్టకుండా అక్కడ పెడతాను. పోయిన క్రిస్మస్‌కి నెటీ ఒక పొట్లం తీసి కరగబెట్టి, ఉల్లిపాయలు కూడా తరిగింది. ఆ సంగతి ఎవరికీ చెప్పనని మాటిచ్చాను గానీ వీలునామాలో రాయనని అనలేదు.

రెండు. గాలాన్ని బిగించి పట్టే నా వైసు, కత్తెరలు, దారపు కండెలు, బ్లేడ్ల పెట్టె, కోడి ఈకలు, రంగులద్దిన జింక వెంట్రుకలు మెథడిస్టు చర్చి నేలమాళిగలో గురువారాలు కూర్చునే ఆడవాళ్ళకు చెందాలి. షరతు ఏమనగా, ఎరలు కట్టడం నేర్చుకునే ముందు ప్రతి మనిషీ ఒక వేసవి నీళ్ళ మీద గడపాలి. బాస్ చేప ఎప్పుడు ఏది కోరుకుంటుందో తెలియకుండా ఎర కడితే అది బొమ్మ అవుతుంది. తెల్లవారుతూ నీళ్ళు అద్దంలా ఉన్నప్పుడు చిన్నదీ, చప్పుడు చెయ్యనిదీ కావాలి. గాలి వీచి నీళ్ళు కదులుతుంటే ముఖం వెడల్పుగా కత్తిరించిన ఎర కావాలి, లాగితే గుటుక్కుమనాలి. మబ్బు పట్టిన పూట నల్ల పొట్ట కట్టండి. చేప కింది నుంచి చూస్తుంది, దానికి కనబడేది పొట్టే. పైన మనం పెట్టే చారలూ చుక్కలూ అన్నీ మన కంటి కోసమే. ఇది తెలిశాక కూడా నేను చారలు మానలేదు, మీరూ మానకండి.

ఇంకొకటి చెప్పాలి. జింక వెంట్రుక లోపల గుల్లగా ఉంటుంది, అందులో గాలి ఉంటుంది. ఒక కుచ్చు తీసి గాలం మీద పెట్టి దారం బిగిస్తే నలువైపులా విచ్చుకుంటుంది. దాన్ని బ్లేడుతో చెక్కుతూ పోతే కప్ప ఆకారంలో ఎర బయటికొస్తుంది. లోపలి గాలి వల్లే అది నీళ్ళ మీద తేలుతుంది. జనవరి మంచులో జింకను వెచ్చగా ఉంచిన గాలే జూన్‌లో నా కప్పను తేలుస్తోందంటే, ఇది ఎవరి ఏర్పాటా అని ఇన్నేళ్ళ తర్వాత కూడా పని మధ్యలో చేతులు ఆగిపోతాయి.

మూడు. గాజు చట్రాల్లో బిగించిన నా ఎరలు కావాలని బ్యాంకు మేనేజరు నెటీని అడిగాడట, గోడకు తగిలిస్తాడట. ఇవ్వవద్దు. ఆ చట్రాలు ఎల్వుడ్ ముచ్చటపడి చేయించినవి కనక ఆయన ఉన్నన్నాళ్ళూ ఊరుకున్నాను. గాజు పగలగొట్టి ఆ ఎరలను నీళ్ళ మీద వాడేవాళ్ళకు పంచేయాలి. ఒక్కసారి కూడా తడవని ఎరను చూస్తే నాకు జాలేస్తుంది.

నాలుగు. రేవుకు ఎదురుగా ఉన్న సైప్రస్ చెట్టు వేళ్ళలో ఉండే పెద్ద చేపను కూడా ఒకరి పేర రాద్దామనుకున్నాను. సరస్సులో చేప రాష్ట్రానిది, రాసివ్వడానికి మీకు హక్కు లేదన్నారు పెటిగ్రూ గారు. అది అక్కడుందని రాష్ట్రానికి తెలియనే తెలియదు. సరే, రాయడం లేదు.

ఐదు. మా ఆయన తమ్ముడు, నా మరిది హాలిస్ గాడిస్ గురించి.

హాలిస్‌కూ నాకూ మాటల్లేవు. ఎల్వుడ్‌ను పాతిపెట్టి వచ్చిన రోజున చర్చి భోజనాల దగ్గర, చేతిలో వేయించిన కోడి కాలు పట్టుకుని, అందరూ వింటుండగా, "మా వదిన కట్టేవి ఎరలు కావు, ఆడవాళ్ళు ఆదివారం చర్చికి పెట్టుకొచ్చే టోపీలు. చేపలు వాటిని చూసి నవ్వుకుంటాయి" అన్నాడు. అందరూ నవ్వారు. నేను మొగుణ్ణి మట్టిలో పెట్టి వచ్చి ఆ మాట విన్నాను. ఆ మర్నాటి నుంచి మా రెండిళ్ళ మధ్య దారిలో గడ్డి మొలిచింది.

అతను చేపలు పట్టే తీరు కూడా నాకు గిట్టేది కాదు. బెండుతో చేసి గోళ్ళ రంగు పూసిన ఎరలు వాడేవాడు. విసిరీ విసరకముందే ఎడాపెడా లాగేవాడు. ఎర పడగానే నీళ్ళ మీద వలయాలు లేస్తాయి. అవి పోయేదాకా కదపకూడదు. పోయాక కూడా లాగకూడదు, ముందుకు జరక్కుండా ఉన్నచోటనే వణికించాలి. కింద ఏదో ఉందని పసిగట్టిన కప్ప కదలాలా వద్దా అని జంకుతుందే, అలా ఉండాలి. జీవితమంతా నేను వెతికింది ఆ వణుకు కోసమే. కప్పకు పెట్టే రబ్బరు కాళ్ళను దారమంత సన్నగా చీల్చాను. దారాన్ని వేలితో మీటి చూశాను. ఎర జరిగిపోయేది, లేదా చచ్చినట్టు పడి ఉండేది. నా చేతులు మరీ నిలకడైనవి, వాటి వల్ల కాలేదు.

కొన్నాళ్ళ కిందట హాలిస్ కుడిచేతికి వణుకు పట్టుకుంది. డాక్టరు ఏదో పొడుగాటి పేరు చెప్పి, ఇక తగ్గదన్నాడట. రేవు దగ్గర దారం చిక్కుపడుతుంటే ఎవరో నవ్వారట. అప్పటి నుంచి మనుషులుండగా పడవ ఎక్కడం మానేశాడు. ఈ వేసవిలో పడవకు అమ్మకం బోర్డు తగిలించాడు. పగలంతా కర్టెన్లు దించుకుని కూర్చుంటున్నాడని పక్కింటి బర్డీ హాల్కంబ్ చెప్పింది. నీళ్ళ మీదికి వెళ్ళకపోతే ఆ మనిషి ఎక్కువ కాలం బతకడు. మాటల్లేకపోయినా ఆ మాత్రం నాకు తెలుసు.

జూన్‌లో ఒక ఆదివారం దగ్గు వచ్చి చర్చికి వెళ్ళలేదు. వెనక వరండాలో కాఫీ తాగుతున్నాను. ఇంట్లో ఎవరూ లేరనుకున్నాడు కాబోలు, హాలిస్ పడవ వచ్చి నా రేవు ఎదుట ఆగింది. రెండు మూడు సార్లు గడ్డిలో పడేసి, చివరికి సైప్రస్ మొదట్లోకి విసిరాడు. పడిన ఎర నాది. ఎల్వుడ్ పోయాక తమ్ముడికి చేరిన పెట్టెలోని ఆకుపచ్చ కప్ప, పసుపు ముఖంది. నా చేతి పని నేను పోల్చుకోలేనా? టోపీ అన్నవాడు టోపీనే విసిరాడు.

విసిరి ఊరుకున్నాడు. గాలం కర్ర మోకాలి మీద ఆనించి తన చేతి వంకే చూస్తూ కూర్చున్నాడు, పనికిరాని పనివాణ్ణి చూసినట్టు. వలయాలు వెళ్ళిపోయాయి. అప్పుడు కప్ప వణికింది. ఇంచీ జరగలేదు. ఉన్నచోటనే కాళ్ళూ, ఒళ్ళూ, ఒంటి మీది వెంట్రుకలూ వణికాయి. అతని చేతిలోని వణుకు కర్రలోకి, కర్రలోంచి దారంలోకి, దారంలోంచి నా కప్పలోకి వెళ్ళింది. అమ్మో అనుకున్నాను. నేను కట్టిన వెంట్రుకల ముద్దకు ప్రాణం రావడం నా కళ్ళతో చూశాను. చర్చి ఎగ్గొట్టిన ఆదివారం నాడు మోకాళ్ళ మీద కూర్చోవాలనిపించింది.

చప్పుడు లేదు. నల్లటి నీళ్ళు ఉబ్బాయి. అందులో ఒక నోరు తెరుచుకుంది, మా చర్చిలో చందాలు పట్టే పళ్ళెమంత. కప్ప మాయమైంది. అలాంటప్పుడు మేమందరం చేసే తప్పు ఒక్కటే. కంటపడగానే గుండె ఆగి లాగేస్తాం, చేప నోరు మూసేలోపే ఎర ఊడి వచ్చేస్తుంది. నేనూ, ఎల్వుడూ అలా ఎన్ని పోగొట్టుకున్నామో. హాలిస్ చూడనే లేదు. చేతికి బరువు తగిలాకే తలెత్తాడు. అందుకే దొరికింది. పడవ పక్కకు తెచ్చి, కింది దవడ పట్టుకుని ఎత్తాడు. అతని వణుకుతో పాటు ఆ మహాతల్లి రెక్కలు కూడా వణికాయి. గాలం తీసి నీళ్ళలోకి వదిలాడు. తర్వాత టోపీ తీసి చాలాసేపు కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను.

బోర్డు మాత్రం దింపలేదు. ఎరల కొట్లో, "సరస్సు నాకు సెలవిచ్చేసింది. ఇక చాలు" అన్నాడట. చేప వీడ్కోలు చెప్పడానికి వచ్చిందనుకున్నాడు. అది ఎందుకు వచ్చిందో చూసినదాన్ని నేనొక్కదాన్నే.

అప్పటి నుంచి ఆ చేతి కోసం కడుతున్నాను. గాలం తేలికది వేశాను. వెంట్రుక మామూలుగా కంటే వదులుగా కట్టాను, వణుకు లోపలికంటా పోవాలని. కాళ్ళు పొడుగ్గా ఉంచాను. పొట్ట చేప కోసం నలుపు. ముఖం ముసలి కళ్ళ కోసం గుమ్మడిపువ్వు రంగు. నా గాలం కర్ర ఒకటి తీసి, పిడికి బెండు చుట్టి లావు చేశాను, పట్టు జారకుండా. ఆ కర్రా, ఎరలన్నీ ఉన్న రేకు పెట్టే నా తదనంతరం హాలిస్ గాడిస్‌కు చెందాలి. పడవ అమ్మరాదు.

ఆరు. పై ఐదవ అంశంలో రాసిన దానాన్ని రద్దు చేస్తున్నాను. కారణం ఏమనగా, ఆ చివరి మాట రాస్తుండగా బర్డీ వచ్చి, పడవ కొనేవాడు శనివారం వస్తున్నాడని చెప్పింది. కలం కింద పెట్టేశాను. ఈ కాగితం నేను చచ్చాక విప్పుతారు. నాకు దగ్గు తప్ప ఏ జబ్బూ లేదు. ఎంత మొండిదాన్నైనా శనివారం లోపల చావలేను కదా.

పెట్టె చంకన పెట్టుకుని, కర్ర చేత పట్టుకుని, గడ్డి తొక్కుకుంటూ హాలిస్ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి నన్ను చూసి, చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఆ ఆదివారం నువ్వు చేప వంక చూడలేదు, నేను చూశాను, అది నీ చేతి కోసం వచ్చింది అని చెప్పాను. నమ్మలేదు. "ఈ చెయ్యా వదినా? కాఫీ కప్పు నిలవదు దీంట్లో" అన్నాడు. "నిలవక్కర్లేదు. నిలకడగా ఉండే చేతులు నావి, జీవితమంతా కట్టినా ఒక్క ఎరకీ ప్రాణం పొయ్యలేకపోయాను. జేబులోంచి తియ్యి" అన్నాను.

అతని రేవు మీద నిలబడి విసిరాం. మొదటిది చెట్టుకు తగులుకుంది, రెండోది నా భుజానికి. మూడోది పడింది. చేతి వంక చూశావంటే నీళ్ళలోకి తోస్తానన్నాను, ఎర వంక చూడమన్నాను. వలయాలు పోయాయి. కప్ప వణికింది. చేప రాలేదు, అవసరం కూడా లేకపోయింది. హాలిస్ నోరు తెరుచుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. తన చెయ్యి చేస్తున్న పనిని అతను చూడటం అదే మొదటిసారి. "ఇది నేనేనా వదినా?" అన్నాడు చాలా నెమ్మదిగా. నా కళ్ళు నిండిపోయాయి, దాచుకోలేదు. బోర్డు దింపడానికి మేకులు ఊడబీకింది నేనే, అతని చేతికి సుత్తి ఇవ్వడం మంచిది కాదు కనక.

పెట్టే, కర్రా ఇప్పటికే చేతికి ఇచ్చేశాను కాబట్టి హాలిస్‌కు ఈ వీలునామా వల్ల దక్కేది ఏమీ లేదు. ఏమీ దక్కనివాడే సాక్షిగా ఉండటం మంచిదని పెటిగ్రూ గారు చెప్పిన మీదట, హాలిస్‌ను సాక్షి సంతకం పెట్టమని అడిగాను. మొదట ఒప్పుకోలేదు. తన సంతకం చూసి బ్యాంకువాళ్ళు కాగితం తిప్పి పంపారట, అప్పటి నుంచి ఎక్కడా పెట్టడం లేదట. నా వీలునామా చెడిపోతుందని భయపడ్డాడు. ఇక్కడే పెట్టమన్నాను. ఎంతసేపు పట్టినా కూర్చుంటానన్నాను.

కనుక దీన్ని చదివే జడ్జీ గారికి, కౌంటీ గుమాస్తాలకు, ఇతరులకు ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా: కింద రెండవ సాక్షి సంతకం గీతలు గీతలుగా, కాగితం అంచుదాకా పోయి ఉంటుంది. అది భయంతో పెట్టినది కాదు, ఎవరో దొంగతనంగా పెట్టినదీ కాదు. నేను పక్కన కూర్చుని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చూశాను. ఆ సంతకాన్ని ఎవరైనా తప్పుపడితే నా వీలునామా మొత్తాన్ని తప్పుపట్టినట్టే.

సెప్టెంబరు 18, 1986, గురువారం, నా వంటింటి బల్ల దగ్గర.

(సంతకం) ఓర్ఫా గాడిస్

సాక్షులు:
1. బర్డీ హాల్కంబ్
2. హాలిస్ గాడిస్, నా చేత్తోనే