గుడి పార్కింగ్ మీద నా ఓటు

మంగళవారం, రెడ్‌మండ్, అమెరికా

వాగు పక్క చిత్తడి నేలను పూడ్చి గుడికి పార్కింగ్ వేస్తామంటున్నారు గుడి కమిటీవాళ్లు. దాన్ని మా పర్యావరణ సంస్థ వ్యతిరేకించాలా వద్దా అని ఈరోజు బోర్డులో ఓటింగ్. మిగతావాళ్లు చెరి సగం అయ్యారు. బోర్డు చైర్‌పర్సన్‌ని కనక చివరి ఓటు నాది, అది పడకపోతే వ్యతిరేక తీర్మానం వీగిపోతుంది.

పొద్దునే గుడి కమిటీ పెద్ద మూర్తి అంకుల్ ఫోన్ చేశారు. "మాకు ఓటెయ్యమని అడగట్లేదమ్మా. మీటింగ్‌కి వెళ్లకు, చాలు. జ్వరమని చెప్పు. ఎంతైనా మనవాళ్లం కదా."

ఆ జ్వరం మాటకే ఒళ్లు మండింది. వెళ్లాను. వ్యతిరేకించాలనే ఓటేశాను. ఆ వాగులోకి సాల్మన్ చేపలు తిరిగి రావడం కళ్లారా చూసినదాన్ని, ఇందులో నాకు సందేహం లేదు.

మీటింగ్ అయ్యాక వైస్ చైర్ లిండా నా భుజం మీద చెయ్యి వేసింది. "పార్కింగ్ అనుమతి మీద కౌంటీ అధికారులు పెట్టే హియరింగ్‌లో నువ్వే మాట్లాడు. గుడివాళ్లు మీవాళ్లే కదా. నువ్వు చెబితే మనది వివక్ష అని ఎవరూ అనలేరు."

నన్ను చైర్ చేసింది ఇందుకేనా? సరే అన్నాను, ఎందుకన్నానో.

హియరింగ్ సోమవారం. ఆదివారం గుడిలో పులిహోర వడ్డించే వంతు నాది. మూర్తి అంకుల్ ప్లేటు పట్టుకుని నా ముందుకు వస్తే ఏం మాట్లాడాలి? అసలు నా లైన్లోకి రాకపోతే...