కుప్పకు పోసిన మజ్జిగ

గురజాల, జూన్ 1946

ప్రియమైన గయ్యాళి మనవరాలు లీలావతికి తాత దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మీ ఆయన వ్యవసాయాఫీసులో చేసేది పెంట మాగబెట్టటమా! పెళ్ళప్పుడే చెప్తే సారెలో పార కూడా పెట్టేవాణ్ణి గదే.

పక్కింటి పుల్లమ్మకి చదివి వినిపించా. మొగుడు పోయాడు, మూడేళ్ళ పిల్ల. మూణ్ణెల్లలో మిరప తోటకి ఎరువు తోలకపోతే కౌలు చేను లాక్కుంటానన్నాడంట ఆసామి. ఏడాది పట్టే పెంట మూణ్ణెల్లకే మాగుద్దంటే నోరు తెరిచింది. చెత్త పొర, పేడ పొర, తడి, పదిహేన్రోజులకోసారి తిరగెయ్యటం, నువ్వు రాసిందంతా చదివా. చేతులు కట్టుకుని మరీ వింటంటే నా నోరాగలా. "రోజూ ముంతెడు మజ్జిగ గూడా పొయ్యాలంట" అన్నా. నమ్మింది! నవ్వలేక చచ్చా.

నీ తాత, రామబ్రహ్మం

బాపట్ల, జూలై

తాతయ్యకు లీలావతి నమస్కారాలు.

ఆ మజ్జిగ మాట వెనక్కి తీసుకున్నావా? ఆమెకున్నది ఒక్క గేదె. నా ఉత్తరం ఆమె చదువుకోలేదు, నీ నోటితోనే వింటుంది. వెంటనే నిజం చెప్పు.

లీల

గురజాల, సెప్టెంబరు

తల్లీ లీలా,

రెండు నెలలు జవాబు రాయలా. చెబుదామని పోయినప్పుడల్లా పుల్లమ్మ ఎదురొచ్చి, "మామా, కుప్పలో చెయ్యి పెడితే కాలతంది, పొగలొస్తన్నయ్" అని మురిసిపోయేది. చెప్పకుండానే ఇంటి దారి పట్టేవాణ్ణి.

నిన్న కుప్ప తవ్వింది. నల్లగా, పొడిపొడిగా, తొలకరి మన్ను వాసన. మొదటి గంప తెచ్చి నా గుమ్మంలో దించింది. వెనక పిల్ల ఉత్త ఉప్పుగంజి తాగుతా నిలబడింది. "మజ్జిగేదే?" అన్నా. "అది కుప్పది తాతా, నాది కాదు" అంది.

చానా సిగ్గుగా ఉందే. ఊళ్ళో ఇంకో నలుగురు కూడా మజ్జిగ పోస్తన్నారు. ఏం చెయ్యను?

నీ తాత

బాపట్ల, సెప్టెంబరు

తాతయ్యా,

ఎరువు మాగింది మజ్జిగకి కాదు, ఆమె రెక్కల కష్టానికి. ఆ మాట నలుగురి ముందూ నువ్వే చెప్పాలి.

లీల

గురజాల, అక్టోబరు

ప్రియమైన లీలకి,

చెప్పా. జాన్ సాహెబు కొట్టు ముందు, కుప్పలేసినోళ్ళందర్నీ పిలిచి మరీ చెప్పా. జాన్ సాహెబు నవ్వబోయి ఆగాడు. పుల్లమ్మ, "మూణ్ణెల్ల మజ్జిగ, మామా" అంది. అంతే, పిల్లనెత్తుకుని పోయింది. తిట్టినా బాగుండేది.

చేను నిలబడింది, మిరప నారు పచ్చగా ఉంది. మా గేదె మజ్జిగ రోజూ ముంతెడు తీసుకుపోయి పుల్లమ్మ గుమ్మంలో పెట్టి, తలొంచుకుని వస్తన్నా. పిల్ల తాగుద్ది. తల్లి నా మొహం చూడదు. నీ ఉత్తరాలు ఇప్పుడు జాన్ సాహెబు కూతురు షకీలా చేత చదివించుకుంటంది. ఇది కూడా పోస్టు డబ్బాలో వెయ్యబోయే ముందు షకీలా చేత చదివించమని కబురు పెట్టింది. సరేనన్నా. ఇంక నా నోటిని ఎవరు నమ్ముతారులే.

తల దించుకున్న నీ తాత

లీలావతక్కా, నేను షకీలాని. పుల్లమ్మత్త చెప్తే రాస్తన్నా. అంతా చదివించుకుని వింది. ఈసారి మీ తాత ఏమీ కలపలేదంది. ఇంకో మాట కూడా రాయమంది: మజ్జిగలో ఉప్పెక్కువేస్తన్నాడంట, పిల్ల తాగలేకపోతంది, తగ్గించమని నువ్వు ఆయనకి రాయాలంట.