బరువులెత్తమన్న చెల్లెకు

నీలం నగర్, షోలాపూర్

చెల్లె సుగుణకు,

దవాఖానలో నర్సువి నువ్వు రాసిన ఉత్తరమని మీ బావ నీ జాబును వాకిట్లో అందరికీ వినపడేలా చదివాడు. అక్కడే నా కొంప మునిగింది.

బీడీలు చుట్టి చుట్టి వంగిపోయిన నా ఎముకలు గట్టిపడాలంటే బరువులెత్తాలని రాశావు కదా. మర్నాటి నుంచి నీళ్ల బిందెలూ, మగ్గం మీంచి దించిన చద్దర్ల మూటలూ అన్నీ నావే. పక్కింటి గంగుబాయి కూడా జొన్నల సంచి తెచ్చి నా ముందు పెట్టింది. "పిండి గిర్నికి నువ్వే తీస్కపో వదినా, నీ పానానికి మంచిదంట గదా," అంది.

నువ్వు పంపిన బలం పొడిని మామ గంజి పిండి అనుకుని నూలుకు పట్టించాడు. నూలుకు బలమొచ్చిందో లేదో గాని, చీమలైతే పట్టాయి.

క్యాల్షియం గోళీలు మాత్రం ఒక్కపూట కూడా తప్పడం లేదు. మిల్లు భోంగా సైరన్ మోగగానే అత్త నీళ్ల గ్లాసుతో నా ముందు నిలబడుతుంది. "బీడీలు తర్వాత చుడుదువు గని, ముందు మందు మింగు," అంటుంది.

కంటినిండా నిద్రపోవాలని కూడా చివర్లో రాశావు. ఆ మాట ఎవరికీ గుర్తులేదు. నేనే గుర్తుచేస్తే, "అదేమన్న మందా," అంది అత్త.

అందుకని ఈసారి ఉత్తరం అత్త పేరనే రాయి. నిద్రకు ఏదో ఒక ఇంగ్లీషు పేరు పెట్టు. రాత్రి అన్నం తిన్నాక ఒక డోసు, తెల్లారేదాకా అని రాయి. నడుమ లేపితే మందు పనిచేయదని రాసి, దాని కింద ఎర్రగీత గీయి.

కళ్లు మూతలుపడుతున్న
మీ అక్క