సీటు లేనందుకు చీటీ

గెథిన్,

పెట్రోలు ఒక్క గ్యాలనే పొయ్యి, పొయ్యికి దూరంగా పొయ్యి. ట్యాంకు అతుకుల కింద వేలు పెట్టి చూడు, తడి తగిలితే ఆపెయ్. పొయ్యి మీద సూపు పెట్టాను, మాడనివ్వకు.

మా నాన్న పాత ల్యాండ్ రోవర్‌కి సీట్ల కిందుండే అసలు ట్యాంకులే బాగుచేసి రెండూ బిగించావు, శభాష్! తుప్పు వదిలింది గానీ నీ తప్పు వదల్లేదు. నీ వైపు ట్యాంకు మీద నీ సీటుంది. నా వైపు ఉత్త ట్యాంకే. అడిగితే "వచ్చే వారం చూద్దాంలేవే" అన్నావు. ఈ వారం నా కంటి ఆపరేషను. బాంగర్ ఆసుపత్రికి బస్సులో పోతున్నాను. కన్ను కట్టేసి పంపుతారట, తిరిగి కూడా బస్సులోనే వస్తాను.

నీ పెళ్లాం ఎలునెడ్

తా.క.: నా సీటు కోళ్ల షెడ్డులో ఉంది. దాని మీద ఎర్ర కోడి గుడ్లు పొదుగుతోంది. లేపకు. నువ్వు చోటిచ్చిన ఆడది అదొక్కతే.