కూతకో బెల్లం ముక్క

పెద్దమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా ఈ సంగతి నీకు కాక ఎవరికి చెప్పను? మా చెల్లెలు ఈరమ్మ ఈ పొద్దున మళ్ళీ ఆదోని పత్తిమిల్లు పనికి పోయింది.

మిల్లులో పత్తికి నిప్పంటుకున్న రోజు సైరన్ ఆగకుండా కూసింది. ఈరమ్మ ఒంటి మీద గాయమన్నది లేకుండా బయటపడింది గానీ, ఆ తర్వాత రోజూ పనివేళకు మోగే ఆ కూత వినబడితే చాలు, మంచం కిందికి దూరేది. మేము తలుపులు బిగించి, దాని చెవులు మూసి, “మరిచిపోవే” అని బతిమాలేవాళ్ళం.

నువ్వు ఎమ్మిగనూరు నుంచి వచ్చీ రాగానే కసురుకున్నావు.

“మరిచిపోనీకి అదేమన్నా సంతలో పెట్టొచ్చే సంచా? తలుపు తీయండప్పా, కూతను రానీండి!”

సైరన్ మోగినప్పుడల్లా దాని పక్కన కూర్చుని, అరచేతిలో బెల్లం ముక్క పెట్టేదానివి. మెదడు భయాన్ని చెరపలేదని, దాని పక్కనే ఇంకో జ్ఞాపకానికి చోటిస్తుందని నీకెలా తోచిందో! నాకిప్పటికీ అబ్బురమే.

ఇవాళ నేను తోడు వెళ్ళినప్పుడు, మిల్లు గేటు దగ్గర సైరన్ కూసింది. ఈరమ్మ ఉలిక్కిపడింది. మరుక్షణం, నువ్వు పక్కనే ఉన్నట్టు, దాని చెయ్యి దానంతటదే ముందుకు సాగింది. ఖాళీ అరచేతిని ఒకసారి చూసుకుని, మెల్లగా గుప్పిట మూసి, లోపలికి నడిచింది.