నాలుగు టేకుముక్కలు

సూరి బావా,

నువ్వు కన్నుమూసి ఏడాదైంది. ఇవాళ షెడ్డులో జరిగింది నీకే చెప్పాలి.

యుద్ధం సామాన్ల వేలంలో మన బెల్లం షావుకారు షెడ్డు కోసం కొన్న, నువ్వు నడిపిన చెక్క కోసే మిషను ఇప్పుడు నా చేతిలో ఉంది. దానిమీద సొరుగులకి పావురం తోకలా విచ్చుకుని ఒకదాంట్లో ఒకటి దిగే అతుకులు కోస్తున్నాను. వారం నుంచి ఒక్కటీ సరిగ్గా కూర్చోవడం లేదు. నేను బిగించిన చెక్కని నా కింద పనిచేసే కుర్రాడు అప్పన్నే చాటుగా వదులు చేస్తున్నాడని నా అనుమానం. ఇవాళ మొహంమీదే అడిగేశాను.

"నానెందుకు వదులు సేత్తాను మామా? సెక్క ఒక పక్కనే ఉంది. రెండో పక్క ఖాళీగా ఉంటే సెక్కని నొక్కే ఇనప పట్టీ వంకరగా బిగుసుకుంటాది, సెక్క జారిపోతాది. ఆ పక్కన అదే మందం ముక్కొకటి పెట్టు."

నమ్మకుండానే పెట్టాను. చెక్క కదల్లేదు. అతుకు రెండు దెబ్బలకే కూర్చుంది.

"నీకెవరు సెప్పేరు?"

"సూరి మామే. ఎప్పుడూ సంచిలో ముక్కలు ఉంచుకునేవోడు కాదేటి?"

ఉంచుకునేవాడివి. టేకు దొంగిలిస్తున్నావని షావుకారుకి చెప్పి, అందరిముందు నీ సంచి దులిపించింది నేనే, బావా. నాలుగు ముక్కలు పడ్డాయి, నాలుగూ నాలుగు మందాలు. నువ్వు ఏరుకుని వెళ్లిపోయావు, మళ్లీ పనికి రాలేదు.

ఇవాళ అప్పన్నని అడిగాను. ఆరోజు నిన్ను అడగలేదు.