మూడు మీటల రిమోట్

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. గోదావరి ఒడ్డున మన ఇంటికి, అమ్మ దగ్గరికి బయల్దేరి దమ్మపేట బస్టాండులో చిక్కుకుపోయాను. వాగులు పొంగి భద్రాచలం దారి మూసేశారు. గోదావరి పెరుగుతోందట.

అమ్మకు చదువు రాదని నువ్వు రిమోట్ మీద మూడు మీటలు వదిలి, మిగతావన్నీ ప్లాస్టర్‌తో కప్పేశావు కదా. ఒకటి టీవీ పెట్టడానికి, ఒకటి సౌండుకు, ఒకటి వార్తలకు. ఎవరన్నా చూస్తే నాకు నామోషీగా ఉండేది. పోయిన నెల ఆ టీవీ ఇచ్చేసి, అమ్మకు అన్ని హంగులూ ఉన్న పెద్దది కొన్నాను.

పొద్దున అమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, టీవీ ఏందో అడుగుతుంది. నీళ్లు ఏడిదాకా వచ్చినయో చెప్తలేదు."

"గుండ్రటి బటన్ నొక్కమ్మా. తర్వాత కింది బాణం."

"ఏ గుండ్రందే? గిట్లాంటియి రెండున్నయ్."

పైదన్నాను. కాదు, కిందిదన్నాను. రంగు అడిగాను. విసుక్కున్నాను కూడా. అంతలో లైను తెగిపోయింది.

అప్పుడు తట్టింది నాన్నా. అమ్మ అడిగింది నీళ్ల గురించి. ఇల్లు వదిలి మిట్ట మీది బడి దగ్గరికి పొమ్మని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట చెప్పకుండా బాణం గుర్తులు నేర్పుతూ కూర్చున్నాను.

మధ్యాహ్నమైంది. ఫోన్ కలవడం లేదు.

నీ పాత రిమోట్ నీ గుర్తుగా నా సంచిలోనే ఉంది. ఇందాకటి నుంచి దాని మీద వార్తల మీట నొక్కుతూనే ఉన్నాను.